బాలికల బోర్డింగునకు పూర్వ విద్యార్థినుల చేయూత – ఒక చారిత్రక పరిశీలన

మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ తరుణములో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు సభ్యులమైన మాకు ఈ సంచికలో కొన్ని పుటలు కేటాయించారు. మా దేవాలయముల చరిత్రను, మా పాదిరుల జీవితములను వ్రాయుటకు సమర్థులైన పెద్దలు వేరే ఉన్నారు. మేము వేరొక సంగతి ఎత్తుకొన్నాము. పల్లెల నుండి ఇంటరు, డిగ్రీ, నర్సింగు చదువులకు పట్టణమునకు వచ్చు ఆడపిల్లలకు ఒక వసతిగృహము కట్టవలెనని, దానికి కావలసిన సొమ్ములో పెద్ద భాగము పాత బోర్డింగులలో చదివి వెళ్లిన స్త్రీల నుండి సమకూర్చవలెనని మా కమిటీలలో కొంతకాలముగా మాట నడుచుచున్నది.

ఆ మాట వచ్చినప్పుడెల్ల రెండు రకముల లెక్కలు వినబడుచున్నవి. "మన బోర్డింగు పిల్లలు గల్ఫులో నర్సులు, హైదరాబాదులో టీచర్లు. వాళ్లు తలచుకుంటే ఎంత సేపు?" అని ఒకరు. "అత్తగారింటికి పోయిన ఆడపిల్ల కన్నతల్లికే పంపలేదు, బోర్డింగుకు పంపుతదా?" అని మరొకరు. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ స్త్రీలను అడిగి చూచినవారు కారు. అడుగకుండా వేసిన లెక్క మీద పునాది త్రవ్వితే ఏమగునో, మన ఊళ్లలో సగము లేచి ఆగిపోయి పిచ్చిచెట్లు మొలచిన గోడలను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కనుక పూర్వము ఇటువంటి పనికి పూనుకొన్నవారు ముందుగా బలమెంతో ఎట్లు తెలిసికొన్నారు, తెలిసికొనక ఎక్కడ చిక్కుపడ్డారు అనునది చరిత్రలో వెదకి ఇచ్చట వ్రాయుచున్నాము.

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానము సువార్త చదువువారందరికీ తెలిసినదే. దానికంటె మా పనికి దగ్గరగా ఉన్నది పౌలు కొరింథు సంఘముతో జరిపిన వ్యవహారము. యెరూషలేములోని బీదల కొరకు చందా ఎత్తవలసి వచ్చినప్పుడు ఆయన వెంటనే సంచి పట్టుకొని వెళ్లలేదు. వారమునకు ఒకసారి ఎవరి రాబడి కొలది వారు ఇంట తీసి ఉంచుకొనుడని ముందుగా వ్రాసాడు. కొరింథువారు ఏడాది ముందు ఇచ్చిన మాటను గుర్తుచేయుటకు తీతును, మరి ఇద్దరు సహోదరులను ముందు పంపాడు. సొమ్ము విషయములో తన మీద ఎవరూ నింద మోపకుండునట్లు సంఘములు ఏర్పరచిన మనిషిని వెంట ఉంచుకొన్నాడు. కలిగినవారైన కొరింథువారి కంటె కరవులో ఉన్న మాసిదోనియ వారే ముందు ఇచ్చారని కూడ ఆ పత్రికలోనే ఉన్నది. ఇచ్చువారి బలమును వారి ఆస్తిని చూచి కొలువరాదని ఆయనకు అనుభవము మీద తెలిసినట్లున్నది.

ఇక మా ప్రాంతము సంగతి. గద్వాల, వనపర్తి నిజాము రాజ్యములోని సంస్థానములు. నాగర్‌కర్నూల్ ఆ రాజ్యములోనే ఒక తాలూకా. తరువాత మూడును మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న మూడు వేర్వేరు జిల్లాలైనవి. ఇచ్చట సువార్త పని మొదలుపెట్టినది మన మండలము వారు కారు. ఈ మాట మన శతాబ్ది సంచికలో వ్రాయుటకు మాకు సంకోచము లేదు. పాలమూరులో అమెరికను బాప్టిస్టు మిషను పందొమ్మిదవ శతాబ్దము చివరనే పనిచేయుచుండెను. అమెరికను మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు 1899లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, కొద్ది యేండ్లలోనే నాగర్‌కర్నూల్‌లోను, ఆ పిమ్మట వనపర్తిలోను స్టేషనులు స్థాపించారు. 1937లో బాప్టిస్టు మిషను తన పాలమూరు, గద్వాల క్షేత్రములను వారికే అప్పగించినది. మన సభ్యులలో పెద్దతరము స్త్రీలు పలువురు అక్షరము దిద్దినది ఆ సోదర సంఘముల బోర్డింగులలోనే. ఉద్యోగముల బదిలీల మీద, పెండ్లిండ్ల మీద ఈ ప్రాంతమునకు వచ్చిన మన మండలపు కుటుంబముల పిల్లలును వారితో కలిసి ఒకే బంతిన అన్నము తిన్నారు. కాబట్టి పూర్వ విద్యార్థినుల చేయూత అనునప్పుడు ఒక్క సంఘము వారి చేయూత అని అనుకొనుటకు వీలులేదు. ఇది మొదటనే గుర్తుంచుకొనవలసిన సంగతి.

బోర్డింగు అనగా ఏమి? పల్లెలో బడి లేదు. ఉన్నచోట మాల, మాదిగ వాడల ఆడపిల్లను లోపలికి రానిచ్చు పంతులు లేడు. జీతానికి ఉన్న తండ్రికి పిల్ల చేతిపని కావలెను. అటువంటి ఇంటి నుండి పిల్లను తెచ్చి, కాంపౌండులో ఉంచి, బువ్వ పెట్టి, బట్ట ఇచ్చి, చదువు, కుట్టుపని, పాట, ప్రార్థన నేర్పిన ఇల్లు అది. దాని ఖర్చు చాలవరకు సముద్రములు దాటి వచ్చుచుండెను. ఉత్తర అమెరికాలో గోధుమ పండించు మెన్నొనైటు రైతు కుటుంబముల కానుకలు, ఆ సంఘముల స్త్రీల కుట్టు మండలులు సేకరించిన డాలర్లు ఇచ్చటి పిల్లలకు జొన్నలై, పుస్తకములై చేరినవి. ముఖమైన ఎరుగని స్త్రీలు ముఖమైన ఎరుగని పిల్లలను చదివించారు. ఇది ఎంత గొప్ప సంగతియో, దానిలో ఒక లోపము కూడ అంతే గట్టిగా నాటుకొన్నది. అడుగుట దొరసాని పని, పంపుట అమెరికా పని, తినుట మన పని అను అలవాటు ఏర్పడినది. చదువు ముగిసి వెళ్లిన పిల్లను తిరిగి పిలిచి, "నీ తరువాత వచ్చు చెల్లెలికి నీవేమి ఇస్తావమ్మా?" అని అడుగు ఆచారము మనలో బలపడలేదు. అడుగనిదానికి వారు ఇయ్యలేదని ఇప్పుడు వారిని అనుట న్యాయము కాదు.

తరువాత కాలము మారినది. విదేశపు సొమ్ము తగ్గినది. 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. 1980ల నుండి సాంఘిక సంక్షేమ గురుకులములు వచ్చినవి. 2004లో కస్తూర్బా బాలికా విద్యాలయముల పథకము ఆరంభమైనది. ప్రభుత్వమే తిండి, బట్ట, పుస్తకము ఇచ్చుచుండగా మిషను బోర్డింగునకు పిల్లను పంపవలసిన అవసరము తగ్గినది. ఇది సంతోషింపదగిన మార్పే. అయితే బడి ముగిసిన తరువాతి మెట్టు మిగిలియున్నది. వనపర్తి రాజప్రాసాదములో 1959లోనే పాలిటెక్నిక్ వచ్చినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర డిగ్రీ కళాశాల నడచుచున్నది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్ రెండింట ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరచారు. పట్టణములో చదువు పెరిగినకొలది పల్లె నుండి వచ్చు ఆడపిల్లలు పెరుగుదురు. ప్రభుత్వ హాస్టలులో సీటు దొరకని పిల్ల బస్సులో తిరుగవలెను, లేదా నలుగురితో కలిసి అద్దె గది వెదకుకొనవలెను. రెండును కుదరనప్పుడు తల్లిదండ్రులు సంబంధములు చూచుట మొదలుపెట్టెదరు. పనికొరకు బొంబాయి, హైదరాబాదు వలసపోవు పాలమూరు కుటుంబములలో, ఇంట పెద్దవారు లేనప్పుడు, ఈ తొందర ఇంకను ఎక్కువ. మేము అడుగుచున్న ఇల్లు ఆ పిల్ల కొరకు.

స్త్రీలు స్త్రీల కొరకు ఇల్లు కట్టుకొనుటలో ఎక్కువ అనుభవము గడించినవారు అమెరికా వారు. మన బోర్డింగులకు డాలర్లు పంపిన దేశమదే గనుక వారి పద్ధతి కొంత చెప్పవలెను. 1830లలో మేరీ లయన్ అను ఉపాధ్యాయిని ఆడపిల్లలకు ఉన్నతవిద్య చెప్పు బడి కట్టదలచి, ఒక చేతిసంచితో ఇల్లిల్లు తిరిగింది. స్త్రీ ఇట్లు తిరిగి చందా అడుగుట మర్యాద కాదని ఆ కాలపువారు గొణిగారు. ఆమె మొదట పెద్ద ధనవంతుల గడప ఎక్కలేదు. తాను చదువు చెప్పిన ఇప్స్విచ్ ఊరి స్త్రీలను, అక్కడి తోటి ఉపాధ్యాయినులను, తన విద్యార్థినులను అడిగింది. మొదటి వెయ్యి డాలర్లు వారి నుండియే వచ్చినవి. తన్ను ఎరిగినవారు ఇంత ఇచ్చారన్న మాట చేతబట్టుకొని తరువాత ఎరుగనివారి యొద్దకు వెళ్లింది. ఆరు సెంట్లు ఇచ్చినవారి పేరును ఆమె జాబితాలో ఉన్నది, వెయ్యి డాలర్లు ఇచ్చినవారి పేరును ఉన్నది. 1837 నవంబరులో మౌంట్ హోలియోక్ బడి తెరచింది. ఆ బడి నుండి ఎందరో స్త్రీలు మిషనరీలై ఆసియా దేశములకు వచ్చారు.

ఆ తరువాత కొన్ని దశాబ్దములలో కాలేజీలలో ఆడపిల్లలు చేరసాగారు. చేరారు గాని ఉండుటకు తగిన చోటు లేదు. వారు తమలో తాము సంఘములుగా ఏర్పడ్డారు. ఆ సంఘములను సొరోరిటీలు అంటారు. లాటిను భాషలో సోదరి అను మాట నుండి వచ్చిన పేరు, తెలుగులో అక్కచెల్లెండ్ర సంఘము అనవచ్చును. సిరక్యూజ్ విశ్వవిద్యాలయములో 1872లో స్థాపింపబడిన ఆల్ఫా ఫై అను సంఘము 1886లో తమ సొంత ఇల్లు కట్టుకొన్నది. ఆడపిల్లల సంఘము ఇట్లు సొంత ఇల్లు కట్టుకొనుట అదియే మొదటిసారి. నేడు ఆ దేశములో ఇటువంటి ఇండ్లు చాల ఉన్నవి. అవి పాతబడి మరమ్మతు కావలసినప్పుడు పూర్వ విద్యార్థినులను చందా అడుగుదురు. అడుగుటకు ముందు ఒక పని చేయుదురు. బయటి మనిషి ఒకరు కొందరు పూర్వ విద్యార్థినులను ఒక్కొక్కరిగా కలిసి, పేరు బయటపెట్టబోమని మాట ఇచ్చి అడుగును: ఈ ఇల్లు నిజముగా అవసరమని నీవు నమ్ముచున్నావా? అడుగుచున్నవారి మీద నీకు నమ్మకమున్నదా? నీవు ఇచ్చునదెంత, ఎన్ని యేండ్లలో? ఈ జవాబులను బట్టి కట్టవలెనా, చిన్నదిగా కట్టవలెనా, ఆగవలెనా అని తీర్మానింతురు. కొంత సొమ్ము మాటగా వచ్చువరకు బహిరంగముగా ప్రకటన చేయరు. మనవారు శంకుస్థాపన రాయి చెక్కించిన తరువాత చందా పుస్తకము అచ్చువేయింతురు. ఈ రెండు పద్ధతులలో ఏది తెలివైనదో చెప్పనక్కరలేదు.

ఆ ఆల్ఫా ఫై సంఘములోని ఒక సభ్యురాలి పేరు మన స్త్రీల సమాజములలో పెద్దవారు వినియుందురు. ఆమె ఫ్రాన్సెస్ విల్లర్డ్, మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు. 1886లో అమెరికాకు వెళ్లిన పండిత రమాబాయికి ఆమె స్నేహితురాలైనది. బాలవితంతువుల కొరకు హిందూదేశములో ఒక ఇల్లు తెరువవలెనని రమాబాయి సంకల్పము. 1887 డిసెంబరులో బోస్టనులో ఆమె పేర ఒక సంఘము ఏర్పడినది. దాని క్రింద ఊరూర, కాలేజీ కాలేజీలో రమాబాయి మండలులు పుట్టినవి. మొదటి మండలి కార్నెల్ విశ్వవిద్యాలయము లోనిది. ఒక్కొక్క సభ్యురాలు ఏటికి ఒక డాలరు చొప్పున పదియేండ్లు ఇత్తునని మాట ఇయ్యవలెను. పదియేండ్లు అను ఆ గడువులోనే తెలివి అంతయు ఉన్నది. ఏడాదికి ఎంత వచ్చునో ముందే తెలియును గనుక ఎందరు పిల్లలను చేర్చుకొనవచ్చునో రమాబాయికి ముందే తెలిసినది. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరచింది, మరుసటి సంవత్సరము పూనాకు మార్చింది. మాట ఇచ్చినవారు పదియేండ్లు నిలబెట్టుకొన్నారు. 1898లో గడువు ముగియగా సంఘమును కొత్తగా కూర్చుకొన్నారు.

అయితే అదే సదనములో ఒక చిక్కు కూడ వచ్చినది. ఆ ఇంటిలో మతబోధ ఉండదని మొదట మాట. పిల్లలు కొందరు రమాబాయి ప్రార్థనలకు ఆకర్షితులగుచున్నారని 1893లో గొప్ప అలజడి పుట్టి, పూనాలోని సలహా సంఘపు పెద్దలు రాజీనామా చేశారు. ఎవరిది తప్పు అను చర్చ మాకు వద్దు. మేము చెప్పదలచినది ఏమనగా, ఎంత ఇత్తురు అని అడిగినంత శ్రద్ధగా ఇల్లు ఎవరి కొరకు, అందులో ఏమి జరుగును అని ముందుగా తేల్చుకొనకపోతే తరువాత చిక్కు తప్పదు. మా వసతిగృహములో ఇతర మతముల పిల్లలను చేర్చుకొందుమా? చేర్చుకొంటే సాయంకాలపు ప్రార్థన వారికి ఐచ్ఛికమా? ఇది మా కమిటీ ఇంకను తేల్చలేదు. తేల్చనిది చందా అడుగరాదని మా అభిప్రాయము.

అన్నిటికంటె పెద్ద ఉదాహరణ 1920ల నాటిది. ఆసియాలోని ఏడు క్రైస్తవ మహిళా కళాశాలలకు కట్టడములు కావలసివచ్చినవి. అందులో మూడు మన దేశములోనివి: మద్రాసు మహిళా క్రైస్తవ కళాశాల, వెల్లూరు వైద్య పాఠశాల, లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాల. మిగిలినవి చైనా, జపానులలోనివి. రాక్‌ఫెల్లర్ కుటుంబపు నిధివారు పదిలక్షల డాలర్లు ఇత్తుమన్నారు; కాని 1923 జనవరి ఒకటి లోపల స్త్రీలు ఇరువదిలక్షల డాలర్లు పోగుచేయవలెనని నియమము పెట్టారు. లూసీ పీబాడీ మొదలైన స్త్రీలు ఆ భారము ఎత్తుకొన్నారు. 1922 డిసెంబరులో 'డాలరు దినము' అని ఒక రోజు పెట్టి, ఒక్కొక్క స్త్రీ ఒక్కొక్క డాలరు ఇయ్యవలెనని దేశమంతట పిలుపునిచ్చారు. గడువు లోపల సొమ్ము సమకూడినది; రాక్‌ఫెల్లర్ సొమ్ముతో కలిసి ముప్పదిలక్షల డాలర్లకు దగ్గరగా వచ్చినది. తెలుగు పిల్లలు ఎందరో ఆ మద్రాసు కళాశాలలోను, ఆ వెల్లూరు బడిలోను చదివి డాక్టర్లు, ప్రధానోపాధ్యాయినులు అయ్యారు.

అమెరికాలో డాలర్లు ఉన్నవి, వారు ఇచ్చారు. పాలమూరులో ఏమున్నదని ఎవరైనా అనవచ్చును. దీనికి జవాబు మన దోర్నకల్ చరిత్రలోనే ఉన్నది. 1912 డిసెంబరు 29న బిషప్‌గా అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు కూలిపని చేయు క్రైస్తవులే తమ సంఘమును పోషించుకొనవలెనని పట్టుబట్టారు. క్రైస్తవ దానమును గురించి ఆయన ఒక పుస్తకమే వ్రాసారు. ఆ మండలపు స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల కుటుంబమునకు కొలిచిన బియ్యము నుండి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసి, ఆదివారము దేవాలయమునకు తెచ్చు ఆచారము పాటించారు. వరి పండని మా ప్రాంతపు పల్లెలలో బియ్యమునకు బదులు జొన్నలు. కోత పండుగకు కోడి, గుమ్మడికాయ, కందుల మూట తెచ్చి వేలము వేయుట ఇప్పటికిని మానలేదు. ఒక్క గుమ్మడికాయను ముగ్గురు పాడుకొని, పాడినవారే తిరిగి కానుకగా ఇచ్చి, నాలుగుసార్లు అమ్మించుట మన సంఘములలో మాత్రమే చూడదగిన వేడుక.

ఈ పిడికెడు లెక్కను పెద్దగా చదివినవారు చిన్నచూపు చూచుట మేము ఎరుగుదుము. కాని కమిటీ కోశాధికారి కోణము నుండి చూడుడు. రమాబాయి మండలుల డాలరు, పాలమూరు అవ్వ పిడికెడు జొన్నలు రెండింటి గుణము ఒక్కటే: చిన్నది, మరల మరల వచ్చునది, ఎంత వచ్చునో ముందే తెలియునది. ఇల్లు కట్టుటకు పెద్ద కానుక కావలెను, నిజమే. ఇల్లు కట్టిన తరువాత కరెంటు బిల్లు, వంటమనిషి జీతము, వార్డెను జీతము, నీళ్ల మోటారు మరమ్మతు ప్రతి నెలయు వచ్చును. ప్రారంభోత్సవము నాటి దాత ఆ నెలలలో కనబడడు. మన పాత బోర్డింగులు చాలవరకు మూతపడినది గోడలు కూలి కాదు, నెలఖర్చు ఆగి.

నాణెములను గురించి ఒక మాట. నిజాము రాజ్యములో చెల్లినది హాలీ సిక్కా రూపాయి. బయటి బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవారు. సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. ఆనాటి సంఘపు లెక్కలు చదువునప్పుడు ఏ రూపాయియో చూచుకొనకపోతే మన పూర్వికుల కానుకను ఎక్కువగానో, మిషను ఇచ్చినదానిని తక్కువగానో చదువుదుము. 1950లలో హాలీ చెలామణి నుండి తొలగిపోయినది. పాత చందా పుస్తకములు ఎవరి ఇంటనైనా ఉంటే పారవేయక, ఈ సంగతి మనసులో పెట్టుకొని చదువవలెనని కోరుచున్నాము.

ఇప్పుడు మేము చేసిన పని. మా కమిటీలోని స్త్రీలు కొందరు పాత బోర్డింగు అక్కలను ఒక్కొక్కరిగా కలిసి మాట్లాడుట ఆరంభించారు. లెక్కలు ఇచ్చుటకు ఇంకను సమయము రాలేదు. కాని వారిని వెదకుటలోనే ఎదురైన కష్టము చెప్పవలెను. బోర్డింగు రిజిస్టరులో పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు ఉండును. పెండ్లితో ఇంటిపేరు మారినది, ఊరు మారినది. బాప్తిస్మముతో పేరే మారినది: రిజిస్టరులో ఎల్లమ్మ, సంఘములో రూతమ్మ, రిజిస్టరులో బాలమ్మ, పింఛను కాగితములో మేరీ. మగపిల్లల సంగతి ఇట్లు కాదు, వారిని వారి ఊరిలో అడిగితే తెలియును. ఆడపిల్లను వెదకుటకు మేము పట్టుకొన్న దారి దేవాలయపు వివాహ రిజిస్టరు. అందులో పెండ్లికుమార్తె తండ్రి పేరు, ఆమె పోయిన ఊరు రెండును ఉన్నవి. పుస్తకము పెట్టెలో పెట్టి చెదలు పట్టించిన సంఘములలో ఆ దారి కూడ మూసుకొనిపోయినది.

వారు చెప్పిన మాటలలో మమ్ము ఆలోచింపజేసినవి కొన్ని. డబ్బు మాట ఎత్తకముందే ఎక్కువమంది అడిగినది, "స్థలము ఎవరి పేర ఉన్నది?" అని. సంఘపు ఆస్తుల మీద కోర్టుల చుట్టు తిరిగిన కథలు వారు ఎరుగనివి కావు. ట్రస్టు పేర రిజిస్టరైన కాగితము చూపితే ఇత్తుమన్నవారు ఉన్నారు. రెండవ ప్రశ్న, "రాత్రి కాపలా ఎవరు? వార్డెను ఆడమనిషేనా?" అని. తన కూతురిని ఎక్కడో హాస్టలులో ఉంచి భయపడిన తల్లి అడుగు ప్రశ్న అది. ఒకామె మాత్రము, తాను చదివిన బోర్డింగులో ఆకలితో పడుకొన్న రాత్రులు, పేలు చూచి అందరి ముందు తల గొరిగించిన దినము ఇంకను మరువలేదని చెప్పి, "ఆ ఇంటికి ఒక్క పైస ఇయ్యను, ఈ పిల్లల అన్నానికి అయితే ఇస్త" అన్నది. బోర్డింగు అందరికి తీపి జ్ఞాపకమే అనుకొని ఉత్తరము వ్రాసిన కమిటీకి ఈ జవాబు చేరియుండేది కాదు. ఎదురుగా కూర్చున్నందున చేరినది. ఆమె మాటను బట్టి మేము చందా చీటీలో కట్టడమునకు వేరు గడి, భోజనమునకు వేరు గడి పెట్టించుచున్నాము.

విదేశములలో ఉన్నవారి సంగతిలో ఆశతో పాటు చట్టమును చూచుకొనవలెను. భారత పౌరసత్వముతో గల్ఫులో నర్సు పని చేయుచున్న పిల్ల తన జీతము నుండి బ్యాంకు ద్వారా పంపు సొమ్ము విదేశీ విరాళముగా లెక్కకు రాదు. అదే పిల్ల అమెరికాకో ఆస్ట్రేలియాకో పోయి అక్కడి పౌరురాలైతే, ఆమె పంపు సొమ్ము విదేశీ విరాళముల చట్టము క్రిందికి వచ్చును. ఆ చట్టము క్రింద అనుమతి ఉన్న సంస్థయే, అందుకు ఢిల్లీలో తెరచిన ప్రత్యేక ఖాతాలోనే తీసికొనవలెను. పుట్టినది మన వాడలోనే కదా అనుట చట్టమునకు జవాబు కాదు. కమిటీలో కొందరు గల్ఫు, అమెరికా అని ఒక్క ఊపిరిలో కలిపి లెక్కవేయుచున్నారు గనుక ఇంత వివరముగా వ్రాయవలసివచ్చినది.

మరియొక సంగతి. గల్ఫు నర్సుల మీద అందరి కన్ను ఉన్నది గాని, మేము కలిసినంతలో స్థిరముగా మాట ఇచ్చినవారు ప్రభుత్వ బడులలో పనిచేసి పింఛను పుచ్చుకొనుచున్న పంతులమ్మలు, అంగన్‌వాడీ ఆయమ్మలు, పాదిరి భార్యలు. పింఛను నెలనెల వచ్చును, వారి చందాయు నెలనెల వచ్చును. నర్సు పిల్లల మీద తమ్ముని చదువు, చెల్లెలి పెండ్లి, ఇంటి అప్పు అన్నియు వాలియున్నవి. పిండుటకు వారిని వెదకరాదు.

మా కమిటీ ముందు ఇప్పుడు మూడు పనులు ఉన్నవి: స్థలపు కాగితము సరిచేయుట, ఇతర మతముల పిల్లల విషయము తేల్చుట, అయిదేండ్ల గడువుతో నెలచందా మాట ఇచ్చినవారి మొత్తము, ఇంటి నెలఖర్చునకు సరిపోవువరకు శంకుస్థాపన మాట ఎత్తకుండుట. ఈ మూడవదాని మీద కమిటీలో ఇంకను వాదము నడుచుచున్నది. పండుగ సంవత్సరములోనే రాయి వేయవలెనని కొందరి పట్టు.

చివరగా ఈ సంచిక చదువువారికి ఒక విన్నపము. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల బోర్డింగులలో చదివిన తల్లి, అవ్వ, పెద్దమ్మ ఎవరింట ఉన్నను, వారి పెట్టెలో ఒక గుంపు ఫోటో ఉండవచ్చును. వరుసగా నిలుచున్న పిల్లలు, నడుమ కుర్చీలో దొరసాని. ఫోటో వెనుక పేర్లు వ్రాసియుంటే వాటిని ఎత్తి వ్రాసి మా కమిటీకి ఇయ్యగలరు. వ్రాసియుండకపోతే, ఆ అవ్వ పక్కన కూర్చుండి, ఏ వరుసలో ఎవరో, ఏ ఊరి పిల్లయో, ఎక్కడికి ఇచ్చారో అడిగి ఇప్పుడే వ్రాయించుకొనవలెను.